గుమ్మం దగ్గరి ఊపిరి

నిశ్శబ్దం గురించి కవిత్వం చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. నాకది సరుకు. పాత టేపుల మీద పడ్డ దగ్గులు, కుర్చీ కిర్రులు, కాగితాల గరగరలు కత్తిరించి పారేయడం మా వృత్తి. కత్తిరించిన చోట కన్నం పడుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే వినేవాడికి చీకట్లో మెట్టు తప్పినట్టు ఉంటుంది. అందుకని అదే గదిలో, అదే రోజు, ఎవరూ ఏమీ చేయకుండా కూర్చున్నప్పటి టేపు ఒక ముక్క తెచ్చి ఆ కన్నానికి అతుకు వేస్తాం. ఏ గది నిశ్శబ్దం ఆ గదిదే. ఒకదానిది ఇంకొకదానికి అతికితే పట్టుగుడ్డకు గోనె మాసిక వేసినట్టే.

నేనూ మా తమ్ముడూ ఈ పనిలోనే జుట్టు నెరిపించుకున్నాం. తాళాలు బాగుచేసే కొట్టు మీద రెండో అంతస్తులో మాదొక్కటే గది. మెట్లు ఎంత ఇరుకంటే, ఇద్దరు ఎదురుపడితే ఒకరు బల్లిలా గోడకు అతుక్కోవాలి. తమ్ముడు నిశ్శబ్దం ముక్కల్ని బిస్కెట్ల డబ్బాల్లో దాస్తాడు, ఒక్కో గదికి ఒక్కో డబ్బా. వాడి వేళ్లు బంగారం. బుర్ర మాత్రం అప్పుడప్పుడు షికారుకెళ్తుంది. వాడు మాట మొదలుపెడితే నేను పూర్తిచేస్తాను, చిన్నప్పటినుంచీ అంతే. వాడేమీ అనుకోడు. అనుకున్నా, చెప్పే సందు నేనివ్వలేదు.

ఆ ఏడాది ఒక రికార్డుల కంపెనీ మాకు జాజ్ శాక్సఫోన్ వాయించే ఒక పెద్దాయన టేపులు పంపింది. ఆయన బతికే ఉన్నాడు, వాయించడం మానేసి మాత్రం చాలా కాలమైంది. వయసులో ఉన్నప్పటివి, నడివయసువి, చివరివి అని మూడు భాగాలు చేసి ఒక సెట్టు వేస్తారట. మూడు కాలాల్లోనూ ఆయన మళ్లీ మళ్లీ వాయించిన బాణీ ఒక్కటే ఉంది. పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి దాన్ని ముందుగా శుభ్రం చేయమన్నారు. దానికి పేరు లేదు. మూడు పెట్టెల మీదా ‘పాతది’ అని మాత్రం రాసి ఉంది.

వింటే ముగ్గురు వేరువేరు మనుషులు. కుర్రాడు స్వరాల మీంచి స్వరాల మీదికి దూకుతాడు, ఎక్కడ పడతాడో వాడికే తెలియదు. నడివయసాయన భోంచేసి కూర్చున్నవాడిలా నింపాదిగా చెబుతాడు. అన్నీ సరిగ్గానే ఉంటాయి, నాకు నిద్రొచ్చింది. చివరాయన దగ్గర ఊపిరి తక్కువ, అయినా ప్రతి స్వరాన్నీ వదల్లేక వదల్లేక వదులుతాడు. నాకు నచ్చింది ఆయనే. కానీ ముగ్గురూ ఒకే చోట ఆగుతారు. బాణీ మొదటి సగం కాగానే వాద్యం ఠక్కున ఆగిపోతుంది. పక్కన డ్రమ్సు లేవు, పియానో లేదు, ఒంటరి శాక్సఫోనే. అది ఆగితే ఇక మిగిలేది గది. కుర్రాడు చాలాసేపు ఆగుతాడు. నడివయసాయన అందులో సగం. చివరాయన గుటక వేసేంత ఆగి, కంగారుగా మళ్లీ అందుకుంటాడు.

సెట్టుతో వచ్చే చిన్న పుస్తకం కోసం ఒక విమర్శకుడు రాసిన వ్యాసం కూడా మాకు పంపారు. మొదటి కాలపు మౌనం అన్వేషణట, రెండో కాలానిది సంయమనమట, మూడోది పరిపక్వతట. ఆయన ఇల్లు బంగారం కానూ, ఖాళీ గిన్నె కనబడితే చాలు, తత్వం పోసేస్తాడు.

నేను అతుకుల కోసం ఆ ఖాళీలనే వినాలి కాబట్టి ధ్వని బాగా పెంచి, చెవులకు హెడ్‌ఫోన్లు బిగించుకుని కూర్చున్నాను. కుర్రాడి టేపులో, ఆ ఖాళీలో, ఎవరో ఊపిరి తీసుకున్నారు. వదిలిన ఊపిరి కాదు. వాద్యం నోట పెట్టుకునే ముందు పెదాల మూలలనుంచి గబుక్కున లోపలికి లాగేది. దాని చివర పళ్ల సందులోంచి వచ్చినట్టు సన్నని ఈల. పెద్దాయన ఊపిరి నాకు అప్పటికి కంఠతా వచ్చు. ఇది ఆయనది కాదు.

మిగతా రెండూ పెట్టాను. రెంట్లోనూ ఉంది, అదే ఈలతో.

చప్పుడు ఎంత దూరంలో పుట్టిందో చెప్పడం మా వృత్తిలో పెద్ద విద్య కాదు. దూరపు చప్పుడు గోడలకు తగిలి చుట్టూ తిరిగి వస్తుంది, దగ్గరిది నేరుగా వస్తుంది. కుర్రాడు వాయించింది ఒక గోదాములో. అక్కడ ఊపిరి గుమ్మం దగ్గర ఉంది. నడివయసాయన వాయించింది తివాచీలు పరిచిన స్టూడియోలో. అక్కడ గది మధ్యలో ఉంది. చివరాయన తన ఇంటి ముందుగదిలో వాయించాడు. అక్కడది మైకు పక్కనే, ఆయన చెవి దగ్గర ఉంది. నేను హెడ్‌ఫోన్లు తీసి, వెనక్కి తిరిగి చూశాను. చూశానని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

తమ్ముడికి వినిపించాను. వాడు చెవి గోక్కున్నాడు.

“అక్కా, ఈ లెక్కన నాలుగోసారి వాయిస్తే ఆయన ఒళ్లోనే కూర్చుంటాడు.”

“నోర్ముయ్,” అన్నాను. వాడు నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

రెండు రోజుల తర్వాత పెద్దాయన కూతురు వచ్చింది. యాభై దాటిన మనిషి, బడిలో లెక్కలు చెబుతుంది, మాట కూడా కొలిచే వాడుతుంది. కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

“మీకూ వినపడింది కదా?” అంది.

“ఏది?”

“తెలియనట్టు అడక్కండి. మీ మొహమే చెబుతోంది.”

ఆ తర్వాత కూర్చుంది. మూడోది వాయించిన రోజున తండ్రి శాక్సఫోన్‌ను పెట్టెలో పెట్టేసి మూత వేశాడట, మళ్లీ తీయలేదట. రోజూ ఆ టేపు కాపీ పెట్టుకుని, సరిగ్గా ఆ చోట ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినేవాడట. ఇప్పుడు సెట్టు మాట వచ్చినప్పటినుంచీ ఒకటే పట్టు, ఇంకొక్కసారి వాయిస్తానని.

“డాక్టరు మెట్లే ఎక్కొద్దన్నాడండీ. ఊదడం మాట దేవుడెరుగు. ఆయనకున్నది అరఊపిరి. నాకున్నది ఆయనొక్కడు.” కళ్లు తుడుచుకోలేదు, వాటిని అలాగే కారనిచ్చింది. “ఆ వచ్చేదెవరో నాకు తెలీదు. ప్రతిసారీ దగ్గరికొస్తోంది, అది తెలుసు. ఎందుకొస్తారండీ ఎవరైనా అలాగ? తీసుకుపోడానికి కాకపోతే?”

“నన్నేం చేయమంటారు?”

“నాన్న మీ మాట వింటారు. అది టేపు లోపం అని చెప్పండి. చెప్పి, తీసేయండి. ఆ చప్పుడు లేకపోతే నాలుగోసారి అనే మాటే రాదు.”

అబద్ధం నాకు కొత్తేమీ కాదు. చీర కట్టుకుని ఎలా ఉందని అడిగే పొరుగావిడతో రోజూ బాగుందనే చెబుతాను. టేపు మీద మాత్రం ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. చూద్దాం లెండి అన్నాను. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. గది మూలన కూర్చుని తమ్ముడు ఇదంతా విన్నాడు. వాడి గుండె వెన్న. ఆ వెన్నే కొంప ముంచింది.

పెద్దాయన వచ్చి మూడూ విని సరే అంటేనే కంపెనీ ముందుకెళ్తుంది. ఆ రోజు ఉదయం నేను వచ్చేసరికి తమ్ముడు పళ్లికిలిస్తూ నిలబడ్డాడు.

“అక్కా, ఆ పని అయిపోయింది. మూడోదాంట్లో ఊపిరి తీసేశా. కాపీలోనే, అసలు టేపు ముట్టుకోలేదు.”

“అతుకు దేంతో వేశావ్?”

“మూడో డబ్బాలో మంచి ముక్క దొరకలేదు. అన్నిట్లో వీధి గోలే. అందుకని మొదటి డబ్బాలోంచి…”

మొదటి డబ్బాలో ఉన్నది ఒకటే పొడుగాటి ముక్క. గోదాములో కుర్రాడు ఆగిన ఆ ఖాళీయే. వాడు మామూలు ధ్వనిలో విని ఏమీ లేదనుకున్నాడు. నేను పెంచి విన్నాను. అనుకున్నట్టే, ముసలాయన ముందుగదిలో ఇప్పుడు గోదాము గాలి వీస్తోంది. గుమ్మం దగ్గర ఊపిరి ఉంది. పక్కనున్నవాణ్ణి మా తమ్ముడు నలభై ఏళ్లు వెనక్కి నెట్టి గుమ్మంలో నిలబెట్టాడు.

“ముక్కు ఉండీ వాసన తెలియదు నీకు,” అని మొదలుపెట్టాను. ఇంకా చాలా ఉంది నా దగ్గర. అంతలో మెట్ల మీద అడుగులు వినిపించాయి, ఒక్కో మెట్టుకూ ఆగుతూ.

పెద్దాయన సన్నగా, పొడుగ్గా, ఉతికి ఆరేసిన చొక్కాలా ఉన్నాడు. చేతిలో వాద్యం పెట్టె. ఫోటో కోసమట, కూతురు అదే నమ్మి మోయబోతే ఇవ్వలేదట. నాకు నమస్కారం పెట్టి, ఊపిరి చిక్కేదాకా కూర్చుని, “కానివ్వమ్మా” అన్నాడు.

మొదటిది పెట్టాను. తల ఊపుతూ నవ్వాడు.

“వీడికి తొందర. పొద్దున్నే లేచి లోకాన్ని కొనేద్దామని బయల్దేరాడు.”

రెండోది పెట్టాను. “వీడికి కడుపు నిండింది. పక్కవాడు తిన్నాడో లేదో చూడడు.”

మూడోది పెట్టేముందు కూతురు నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. బాణీ సగానికి వచ్చింది, ఆగింది. పెద్దాయన ముందుకు వంగి, కుడి చెవి స్పీకరుకు ఆనించాడు. డెబ్భై ఎనిమిదేళ్ల ఆ చెవికి, మామూలు ధ్వనిలో, ఏం వినపడుతుందిలే అనుకున్నాను.

ఆయన ముఖం వాడిపోయింది.

“వెనక్కి పంపేశారా?” అన్నాడు.

స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు.

“గుమ్మం దగ్గరికి పంపేశారా వాణ్ణి? నలభై ఏళ్లు పట్టిందమ్మా వాడికి, నా పక్కదాకా రావడానికి.”

చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అలా ఏడుస్తుంటే చూడలేక, నేను గబగబా చెప్పేశాను. కత్తిరించింది కాపీ మాత్రమే, అసలు టేపు భద్రంగా ఉంది, ఇప్పుడే వినిపిస్తాను అని. పెట్టె తెరిచి, కంపెనీ సీలు ఉన్న అసలు టేపు చుట్టనే యంత్రానికి ఎక్కించాను. ఆ చుట్ట మీద కత్తెర పడలేదని నేను ఎవరి మీదైనా ఒట్టేసి చెబుతాను. ధ్వని పెంచి, ఆ చోటికి తెచ్చాను.

ముందుగది గాలే. వీధి గోలే. పక్కన మాత్రం ఎవరూ లేరు. ఎక్కడో దూరాన, తలుపు దగ్గర, పళ్ల సందులోంచి సన్నని ఈల.

తమ్ముడు గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. ఒక్క నిజం చెప్పాలి, ఆ క్షణంలో నాకు భయం కన్నా ఎక్కువ వేసింది తప్పు చేసిన బాధ. కాళ్లు నొచ్చినవాణ్ణి మెట్లన్నీ ఎక్కాక కిందికి తోసేసినట్టు.

“ఎవరు నాన్నా?” అంది కూతురు. ఇన్నేళ్లకు మొదటిసారి అడిగిందట.

“మా అన్న.”

కళ్లు తుడుచుకుని చెప్పాడు. ఇద్దరికీ కలిపి ఇంట్లో ఒకటే శాక్సఫోన్ ఉండేది. అన్న ఒక వంతు, తమ్ముడైన తాను ఒక వంతు. ఆ బాణీ ఇద్దరూ కలిసి కట్టింది. మొదటి సగం తమ్ముడు వాయించి, మౌత్‌పీసు చేతిరుమాలుతో తుడిచి, అన్నకు అందించాలి. అన్న తన వంతు వాయించి, తుడిచి, తిరిగి ఇవ్వాలి. అప్పుడు తమ్ముడు ముగించాలి. అన్న ముందుపళ్ల మధ్య సందు ఉండేది, ఊపిరి పీలిస్తే ఈల వచ్చేది, దానికి ఇంటిల్లిపాదీ ఏడిపించేవాళ్లు. ఒక చలికాలం జ్వరం వచ్చి, అన్న ఇరవై రెండేళ్లకే పోయాడు.

“మొదటిసారి ఆగింది అలవాటుకొద్దీ అమ్మా. వాడొస్తాడని కాదు. రికార్డు వచ్చాక విన్నాను, గుమ్మంలో ఉన్నాడు. రెండోసారి కావాలనే ఆగాను, కానీ కంపెనీవాళ్లు చూస్తున్నారు, నామోషీ వేసింది. మూడోసారి…” ఆయన ఆగి, ఊపిరి కూడదీసుకున్నాడు. “మూడోసారి చెవి పక్కనే పీల్చాడు. మెడ మీద తగిలింది. భయపడిపోయి, వాడి వంతు రాకముందే నేను అందుకున్నాను. వాద్యం నా చేతుల్లోనే పెట్టుకుని, వాణ్ణి వాయించమంటే దేంతో వాయిస్తాడు? ముగ్గురం, మూడు కాలాలు, ఒక్కరమైనా ఇవ్వలేదు.”

విమర్శకుడి వ్యాసం బల్ల మీద ఉంది. దాని మీద నా టీ గ్లాసు పెట్టాను.

“ఇవాళ ఇస్తాను,” అన్నాడు పెట్టె గడియ తీస్తూ.

“వద్దు నాన్నా!” కూతురు ఆయన చేయి పట్టుకుంది. “డాక్టరు ఏమన్నాడు? నువ్వు సగం దాకా కూడా రాలేవు. ఏమైనా అయితే నేనేం కావాలి?” నా వైపు తిరిగింది. “మీరైనా చెప్పండి. మైకు లేదనండి, యంత్రం చెడిపోయిందనండి.”

యంత్రం చెడిపోయిందనడం ఎంత తేలిక. నా నోటిదాకా వచ్చింది కూడా. నేలమీద కూర్చున్న మా తమ్ముణ్ణి చూశాను. వాడు నా మొహంకేసే చూస్తున్నాడు, ఏదో చెప్పాలని నోరు తెరిచి, నేను మధ్యలో అందుకుంటానేమోనని ఆగి.

“చెప్పరా,” అన్నాను.

“పంపేసింది నేను కదక్కా. తిరిగి తీసుకురావాల్సింది కూడా మనమే,” అన్నాడు.

నేను కూతురి ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. అది టేపు లోపం కాదు. ఎవరో నాకు తెలియదు. కానీ అది తీసుకుపోవడానికి వచ్చేవాడి ఊపిరి కాదు, వాయించబోయేవాడిది. ఆ తేడా నాకు తెలుసు, జీవితమంతా కత్తిరించింది అదే కాబట్టి.

ఆమె చాలాసేపు తండ్రి చేతిని అలాగే పట్టుకుంది. తర్వాత లేచింది. తాను కూర్చున్న కుర్చీని తీసుకెళ్లి, ఆయన కుర్చీ పక్కన వేసి, దుమ్ము తుడిచింది.

“మొదటి సగం మెల్లగా వాయించు నాన్నా,” అంది. “ఊపిరి చివరికి కాస్త ఉంచుకో.”

మైకు పెట్టాం. కిటికీలు మూశాం. పట్టపగలే, కింద తాళాల కొట్టులో ఆకురాయి గీస్తున్న చప్పుడు సన్నగా వస్తోంది. తమ్ముడు కిందికెళ్లి కాసేపు ఆపమని చెప్పి వచ్చాడు. టేపు తిరగడం మొదలైంది.

నాలుగో కాలం ఎలా ఉందంటే, ఏం చెప్పను. కుర్రాడి దూకుడు లేదు, నడివయసు తృప్తి లేదు. స్వరాలు వణికాయి, రెండు మూడు విరిగాయి. కానీ ప్రతి ముక్కా ఎవరికో అప్పజెబుతున్నట్టు ఉంది. సగం వచ్చింది. ఆపాడు.

మెడలోంచి వాద్యం పట్టీ తీశాడు. జేబులోంచి చేతిరుమాలు తీసి మౌత్‌పీసు పొడిగా తుడిచాడు. శాక్సఫోన్‌ను పక్క కుర్చీలో, కూర్చున్నవాడి ఒళ్లో పెట్టినట్టు, జాగ్రత్తగా ఆనించాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

వాద్యం ఆగితే టేపు ఆపడం మా వేళ్లకు పట్టిన జబ్బు. నా వేలు మీట మీదికి వెళ్లింది. తమ్ముడు నా మణికట్టు పట్టుకున్నాడు.

హెడ్‌ఫోన్లలో తలుపు దగ్గర ఊపిరి వినిపించింది. తర్వాత గది మధ్యలో. తర్వాత కుర్చీ కిర్రుమంది. నేను తలెత్తి చూస్తే కుర్చీ కదల్లేదు. మైకు పక్కన, ఎంత దగ్గరగా అంటే నా చెంపకు తగిలినంత దగ్గరగా, పెదాల మూలలనుంచి గబుక్కున ఊపిరి, చివర సన్నని ఈల.

ఆ తర్వాత హెడ్‌ఫోన్లలో ఏమీ లేదు. తాడు తెగినట్టు నిశ్శబ్దం. ఇంతేనా అనుకుంటుండగా తమ్ముడు వేలు పెట్టి చూపించాడు. ధ్వని కొలిచే మీటరు ముల్లు లేచింది. పడుతోంది, లేస్తోంది, గట్టి స్వరానికి పైకి, మెత్తటి స్వరానికి కిందికి, ఎవరో నిండు ఊపిరితో వాయిస్తున్నప్పుడు కదిలినట్టే కదులుతోంది. మాకెవరికీ ఏమీ వినపడటం లేదు. పెద్దాయన కుడికాలు మాత్రం నేలమీద తాళం వేస్తోంది, ముల్లుతో సరిగ్గా కలుస్తోంది. ఒకచోట ఆయన ఫక్కున నవ్వాడు, పాత చమత్కారం ఏదో మళ్లీ విన్నవాడిలా. కూతురు రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది.

ముల్లు మెల్లగా దిగి పడుకుంది.

పెద్దాయన కళ్లు తెరిచి, శాక్సఫోన్ అందుకుని, అలవాటుగా మౌత్‌పీసు తుడిచాడు. ఇందాక పొడిగా తుడిచి పెట్టినదే. చేతిరుమాలు తడిసింది. ఆయన ఆ తడిని చూసి, రుమాలు మడిచి, మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన సగం వాయించాడు. ఊపిరి చివరిదాకా సరిపోయింది.

“వెనక్కి తిప్పి వినిపించమంటారా?” అని అడిగాను.

“ఎందుకమ్మా, విన్నాం కదా,” అన్నాడు.

వాళ్లు వెళ్లేటప్పుడు నేను మెట్ల పైన నిలబడ్డాను. ఆయన కుడివైపు గోడకు ఒదిగి, భుజం గోడకు రాసుకుంటూ దిగుతున్నాడు, ఎడమవైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. కూతురు పక్కన నడిచి చేయి పట్టుకోబోయింది. ఆ ఖాళీ చూసి, వెనక్కి తగ్గి, పెట్టె మోస్తూ వెనకే దిగింది.

నేనూ తమ్ముడూ కిటికీ తెరిచి చూశాం. టాక్సీ వచ్చి ఆగింది. కూతురు వెనక తలుపు తీసి పట్టుకుంది. ఆయన ఎక్కి, ఆ చివరిదాకా జరిగి, అవతలి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె తండ్రి పక్కన ఎక్కబోయి, వంగి, సీటు మధ్యకు చూసి, అలాగే ఆగిపోయింది. తర్వాత నిటారుగా నిలబడి, ఎవరి వేళ్లయినా నలుగుతాయేమో అన్నంత మెల్లగా ఆ తలుపు వేసి, ముందుకెళ్లి డ్రైవరు పక్కన కూర్చుంది.